బయల్దేరిన పెళ్ళిబండిని వెనక్కి పిలిచిన రోజు

పికప్ ట్రక్ కొన్న ప్రతి కుర్రాడూ నా దగ్గరికొచ్చి మొదట చెప్పే మాట ఒకటే. "ఆంటీ, ఇది పదివేల పౌండ్లు లాగుతుంది!" ఆ మాట అనేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి మీరు. బండి కాదు, తామే నడుముకి తాడు కట్టుకుని లాగేస్తున్నంత సంబరం! నేనడిగేదీ ఒకటే. "లాగుతుంది సరే నాయనా, ఎంత మోస్తుంది?" "రెండూ ఒకటే కదా ఆంటీ?" అంటారు.

కాదు. ముమ్మాటికీ కాదు. ఆ తేడా తెలియక ఒక పెళ్ళికూతురూ, ఆమె నాయనమ్మా, అమ్మానాన్నలూ కొండ దిగుతూ దిగుతూ ఏమైపోయేవాళ్ళో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. అలాగని ఇది ఏడుపు కథ కాదు లెండి. నా ఉద్యోగం మొత్తంలో నేను గొంతు చించుకుని అరిచిన ఒకే ఒక్క రోజు కథ. చెప్పడం మొదలుపెడితే నాకు ఇప్పటికీ హుషారొస్తుంది. కాస్త ఓపిగ్గా వినండి.

నేను కాలిఫోర్నియాలో, డబ్లిన్ ఊరి చివర ఒక ట్రెయిలర్ల యార్డ్‌లో, అంటే బండి వెనక తగిలించుకుపోయే చక్రాల ఇళ్ళు అమ్మేచోట, పనిచేశాను. ఎనభైలలో అక్కడ ఇప్పటిలా మనవాళ్ళు వీధికి పదిమంది ఉండేవారు కాదు. చుట్టూ ఎండిన గడ్డి కొండలు, రెండు హైవేలు కలిసే కూడలి, అంతే. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ తెలుగువాళ్ళం అంతా ఒకరింటికి భోజనానికి వెళ్తే ఆ హాల్లోనే సరిపోయేవాళ్ళం. మావారు ఇంజనీరు. నేను గుంటూరులో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివి వచ్చి, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, పేపర్లో ప్రకటన చూసి వెళ్ళాను. ఫోన్లు ఎత్తడానికి తీసుకున్నారు. ఏడాది తిరక్కుండానే డెలివరీలు నా చేతికొచ్చాయి. ట్రెయిలర్ కొన్నవాళ్ళకి బండి అప్పగించే ముందు స్టవ్ ఎలా వెలిగించాలి, బ్రేకులెలా చూసుకోవాలి, ఎంత బరువు వేయొచ్చు, అన్నీ చెప్పి పంపడం నా పని. చీర కట్టుకుని, పైన యార్డ్ జాకెట్ వేసుకుని ట్రెయిలర్ కింద దూరే ఆడది నేనొక్కర్తినే. మొదట్లో వింతగా చూసేవారు, తర్వాత అలవాటుపడ్డారు.

అక్కడ ముఖ్యమైన మనుషులు ఇద్దరు. ఒకరు యజమాని, ఆయనే సేల్స్‌మన్ కూడా. మనిషి మంచివాడే, కానీ అమ్మకం దగ్గరికొస్తే ఆయన నోటికి బ్రేకు ఉండేది కాదు. చెట్టుకి కొక్కెం తగిలించినా లాగేస్తుందని చెప్పగలడు. రెండోవాడు మెకానిక్. ముప్పై ఏళ్ళు పెద్ద లారీలు నడిపి, నడుం నొప్పితో దిగి మా యార్డ్‌లో చేరాడు. ఎప్పుడూ నోట్లో ఒక పుల్ల. నన్ను "స్కేల్ లేడీ" అని పిలిచేవాడు, ఎందుకంటే ప్రతి బండినీ కాటా ఎక్కించందే నేను వదలను. మా యార్డ్ నుంచి తూర్పుగా కొద్ది దూరంలో ఒక కంకర క్వారీ ఉండేది. వాళ్ళ లారీల కాటా మాకూ వాడుకోనిచ్చేవారు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, తొందరగా ముగిస్తాను. ఫిఫ్త్ వీల్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నేను స్టెప్నీ అనుకున్నాను! కాదట. ట్రక్ వెనక తొట్టి ఉంటుందే, అందులో వెనక ఇరుసుకి సరిగ్గా పైన ఒక ఇనప పళ్ళెం బిగిస్తారు. ట్రెయిలర్ ముక్కు ఆ తొట్టి మీదికి వంగి వచ్చి, దాని మేకు ఆ పళ్ళెంలో కూర్చుంటుంది. మామూలు ట్రెయిలర్ బండి తోక పట్టుకుని వెనకాల వస్తే, ఇది బండి వీపెక్కి కూర్చుంటుంది. రోడ్డు మీద కుదురుగా వస్తుంది, ఊగదు, అందుకే అందరికీ ముద్దు. కానీ వీపెక్కిన బరువు ఊరికే ఉంటుందా? ట్రెయిలర్ బరువులో అయిదో వంతు దాకా ట్రక్ మీదే పడుతుంది.

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభానికి చిన్న పట్టీ అంటించి ఉంటుంది. బండీ, అందులో మనుషులూ, సామానూ, వీపు మీద పడే ఆ ముక్కు బరువూ అన్నీ కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె. వెనక ఇరుసు ఇంతకంటే మోయలేదని ఇంకో అంకె. అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పే 'లాగుతుంది' అంకె ఆ పట్టీ మీద ఉండనే ఉండదు. పాఠం అయిపోయింది.

ఇక పెళ్ళి సంగతి. మా నాలుగు ఊళ్ళ తెలుగువాళ్ళలో అందరికంటే ముందొచ్చిన ఆయన ఒకరుండేవారు. మాది గుంటూరే, ఆయనదీ గుంటూరే, కాబట్టి నాకు అన్నయ్యగారు. ఆయన కూతురికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి తరఫువాళ్ళు కొండలకి అవతల, రీనోలో. పెళ్ళి అక్కడే ఒక చెరువు పక్కన హాల్లో. మా పిల్లల్లో మొదటి పెళ్ళి అది! మా అందరికీ ఎంత ఉత్సాహమంటే, ఆరు నెలల ముందునుంచీ ఫోన్లలో అదే మాట. ఒక్కటే చిక్కు. ఆ హాలు వాళ్ళు వంటగది మాత్రం ఇచ్చేది లేదన్నారు. పోపు వాసన వాళ్ళకి పడదట.

అన్నయ్యగారికి పౌరుషం వచ్చింది. "వాళ్ళ వంటిల్లు వాళ్ళనే ఉంచుకోమను. మన వంటిల్లు మనమే తీసుకుపోదాం!" అని మా యార్డ్‌కొచ్చి ఒక పాత ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ కొనేశారు. పెళ్ళిలో వంటిల్లు, పెళ్ళికూతురు ముస్తాబయ్యే గది, పెళ్ళయ్యాక రిటైరై దేశం తిరగడానికి ఇల్లు, మూడూ అదే. దానికి తగ్గట్టు నాలుగు తలుపుల ట్రక్ కూడా కొన్నారు. దాంట్లో సీబీ రేడియో పెట్టించి, ఎప్పుడు చూసినా అందులో ఎవరో లారీ డ్రైవర్లతో కబుర్లే. "పదివేల పౌండ్లు లాగుద్దమ్మా!" అని నాతో ఎన్నిసార్లన్నారో లెక్క లేదు. ఆ మాట మా యజమాని ఆయన చెవిలో వేసిందే.

పెళ్ళికి వారం ముందు అన్నీ బిగించి, నేనూ మెకానిక్కూ అన్నయ్యగారూ క్వారీకి వెళ్ళి తూయించాం. ట్రక్ పట్టీ మీద హద్దు ఎనిమిది వేల ఆరొందలు. కాటా మీద చాలా తక్కువే వచ్చింది. మెకానిక్ వెనక చక్రానికీ మడ్‌గార్డ్‌కీ మధ్య అరచెయ్యి నిలువుగా పెట్టి చూపించాడు. "ఈ సందు గుర్తుంచుకో స్కేల్ లేడీ. కాటా దగ్గర లేనప్పుడు ఇదే కాటా." అందరం తృప్తిగా తలలూపాం. మా యార్డ్ నియమం అంతే, అప్పగించేటప్పుడు తూయాలి. తర్వాత అందులో ఏం వేస్తారన్నది కొన్నవాళ్ళ ఇష్టం.

బయల్దేరే రోజు రానే వచ్చింది. అన్నయ్యగారింటి ముందు అంత పొడుగు బండి తిరగడానికి చోటు లేక, మా యార్డ్ నుంచే ప్రయాణం పెట్టుకున్నారు. పొద్దున్నే మంచి గడియ. పదిహేను కార్లు వెంట రావడానికి తయారు. యార్డ్ నిండా పట్టుచీరలు, మల్లెపూల బదులు గులాబీలు, పిల్లల కేకలు! మా మెకానిక్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నేను కూడా ముస్తాబై, బయల్దేరే ముందు ఫోన్లు ఒకసారి చూసి పోదామని ఆఫీసులోకి వెళ్ళాను. అక్కడ ఒక కస్టమర్ దొరికి నన్ను వదల్లేదు.

ఈలోగా బయట ఏం జరిగిందో చెప్తాను. పెళ్ళిసామాను ఎవరు తెచ్చినా వద్దనకూడదు కదా! వచ్చిన ప్రతి కుటుంబమూ ఏదో ఒకటి తెచ్చింది. ఒకరు బియ్యం బస్తాలు, ఒకరు పప్పు, ఒకరు నూనె డబ్బాలు, ఒకరు ఇండియా నుంచి తెప్పించుకున్న ఇత్తడి గంగాళాలు. ఇంకొకాయన, దేవుడా, రాతి గ్రైండర్! నలుగురు పట్టి ఎక్కించారట. ఎవరిది వాళ్ళకి చిన్న సాయమే. అన్నీ కలిపితే ఎంతవుతుందో ఎవరి లెక్కలోనూ లేదు.

సర్దించింది మామ్మగారు, అంటే అన్నయ్యగారి తల్లి. పెళ్ళి కోసం ఇండియా నుంచి వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉన్నా ఆవిడ గొంతెత్తితే పదిహేను కార్లూ సర్దుకునేవి. "వెనకాల పెడితే కుదుపులకి పగిలిపోతాయిరా, అన్నీ ముందర పెట్టండి" అన్నారు. ట్రెయిలర్ ముక్కు కింద పెద్ద అర ఉంది. గ్రైండరూ బస్తాలూ గంగాళాలూ అన్నీ అందులోకే పోయాయి. సరిగ్గా ట్రక్ వీపు మీదికి! అది చాలక, "ఆ ఊరి నీళ్ళకి పప్పు ఉడుకుద్దో లేదో" అని, అదే చోట ఉన్న నీళ్ళ ట్యాంకు కూడా మా యార్డ్ పైపుతో అంచు దాకా నింపించారు. సొంత ఊరి నీళ్ళు పట్టుకుని రెండొందల మైళ్ళు పోయేది మనవాళ్ళు తప్ప ఇంకెవరుంటారు చెప్పండి!

నేను ఫోన్ పెట్టేసి బయటికొచ్చేసరికి కొబ్బరికాయ కొట్టేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశారు. "గోవిందా!" అని అందరూ అరుస్తుండగా ట్రక్ కదిలింది, నిమ్మకాయలు చితికాయి. ట్రక్ క్యాబిన్‌లో అన్నయ్యగారు, వదినగారు, మామ్మగారు, పెళ్ళికూతురు, ఇంకో ఇద్దరు చుట్టాలు. అందరూ చేతులూపుతున్నారు. నేనూ ఊపుతూ బండి వైపు చూశాను. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ట్రక్ ముక్కు ఆకాశం చూస్తోంది. వెనక భాగం కిందికి దిగబడిపోయింది. పక్కకి తిరిగితే మెకానిక్ మొహంలో రంగు లేదు, నోట్లో పుల్ల కదలడం లేదు.

"ఆ చక్రం మీద నీ చెయ్యి పడుతుందా?" అన్నాడు మెల్లగా.

"వేలు కూడా పట్టదు."

"నేను చెప్తే వినరు. వాళ్ళు మీవాళ్ళు. నువ్వే చెప్పాలి."

మీకు ఇప్పుడు నవ్వు రావచ్చు కానీ, నాకు ముందు గుర్తొచ్చింది బరువు సంగతి కాదు. బయల్దేరినవాళ్ళని వెనక్కి పిలవకూడదు! పుట్టినప్పటినుంచీ విన్నాను ఆ మాట. చిన్నప్పుడు మా నాన్న గుమ్మం దిగుతుంటే "ఎక్కడికి నాన్నా?" అన్నందుకు మా అమ్మ వీపు మీద ఒక్కటేసింది. అలాంటిది, పెళ్ళికూతురు ఎక్కిన బండిని, కొబ్బరికాయ కొట్టాక, ఊరందరి ముందూ! అన్నయ్యగారింట్లో ఇక ముందు నాకు మంచినీళ్ళు పుడతాయా? బండి గేటు దగ్గరికి పోతోంది. గేటు దాటితే హైవే. హైవే దాటితే కొండలు. ఆ కొండలు దిగడం తలుచుకున్నాను.

"ఆగండీ! అన్నయ్యగారూ, ఆగండీ!"

అంత గొంతు నాకుందని నాకే తెలియదు. పట్టుచీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. గేటు ముందుకెళ్ళి రెండు చేతులూ చాపి నిలబడ్డాను. బండి ఆగింది.

మామ్మగారి కిటికీ అద్దం దిగింది. "ఏమే పిల్లా! నీకు బుద్ధుందా అసలు? కదిలిన పెళ్ళిబండిని వెనక్కి పిలుస్తావా!"

"తిట్టండి మామ్మగారూ, తర్వాత తీరిగ్గా తిట్టండి. అన్నయ్యగారూ, ఈ బండి కొండ దిగలేదు. బరువు మించిపోయింది."

"ఏందమ్మా ఇది!" అన్నయ్యగారి మొహం ఎర్రబడింది. "మొన్నే కదా తూచింది. నువ్వే కదా సరిపోయిందన్నావ్!"

"మొన్న తూచింది ఖాళీ ట్రెయిలర్. ఇవాళ దీంట్లో పెళ్ళి మొత్తం ఉంది."

"పదివేలు లాగుద్ది ఇది! అడుగు, మీ ఓనర్ని అడుగు."

అందరూ మా యజమాని వైపు చూశారు. పాపం ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "లాగుతుందనే అన్నాను..." అని నసిగి ఊరుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "బండి ఆయనది. ఆపే హక్కు మనకి లేదు" అని గొణిగాడు. అది నిజమే. అన్నయ్యగారు హారన్ కొట్టి పక్కకి పొమ్మంటే నేను తప్పుకోవాల్సిందే. నాకున్నది నోరొక్కటే.

"లాగుద్ది అన్నయ్యగారూ, కాదనట్లేదు. కానీ ఆ గ్రైండర్నీ బస్తాల్నీ ఇప్పుడు లాగట్లేదు, మోస్తోంది. వెనక ఇరుసు మీద, రెండు టైర్ల మీద. టైరు పేలితే? బ్రేకు పట్టకపోతే? అమ్మాయి ఉంది బండిలో!"

వెనక తలుపు తెరుచుకుంది. పెళ్ళికూతురు తల బయటికి పెట్టింది. ఇక్కడే పెరిగిన పిల్ల, దాని తెలుగు దానిదే. "డాడీ, ప్లీజ్. ఇది ఆంటీ జాబ్. ఆంటీ డైలీ చేస్తుంది ఇది. నాకు భయం అవుతుంది."

"దిగమాక! దిగితే ఇంకా దోషం!" మామ్మగారు దాని చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు నాకు తట్టింది. ఎలా తట్టిందో తెలియదు కానీ, ఆ నిమిషానికి నా బుర్ర అంత చురుగ్గా ఎప్పుడూ పనిచెయ్యలేదు. "మామ్మగారూ, ఎవరూ దిగొద్దు, వెనక్కి రావొద్దు. ముందుకే పోదాం. క్వారీ కాటా మీ దారిలోనే ఉంది. నడిచినంత మెల్లగా పోనివ్వండి. కాటా మీద నా మాట తప్పయితే, ఇక జన్మలో ఎవర్నీ వెనక్కి పిలవను."

మామ్మగారు ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూశారు. "ముందుకే కదా?"

"ముందుకే."

"పోనివ్వరా" అన్నారు కొడుకుతో.

నేను ఒక కాలికే చెప్పుతో బండి పక్కనే నడిచాను. వెనక పదిహేను కార్లు. పెళ్ళి ఊరేగింపే అనుకోండి, మేళం ఒక్కటే తక్కువ. క్వారీ కాటా మనిషి తన గదిలోంచి మమ్మల్ని చూసి నోరు తెరిచేశాడు. ట్రక్ ఒక్కదాన్ని పలక మీదికి ఎక్కించి, ట్రెయిలర్ చక్రాల్ని బయట ఉంచాం, ట్రక్ మోస్తున్నదెంతో విడిగా తెలియడానికి. ఆయన మైకులో గట్టిగా చదివాడు. "తొమ్మిది వేల ఏడొందలు!" తర్వాత ముందు చక్రాల్ని పలక దాటించి వెనక ఇరుసు ఒక్కదాన్నే తూచాడు. ఆరు వేల హద్దు ఉన్నచోట ఆరు వేల తొమ్మిదొందలు.

అన్నయ్యగారు దిగి, డ్రైవర్ తలుపు తీసి, ఆ పట్టీ ముందు వంగి చదివారు. మళ్ళీ చదివారు. వెళ్ళి వెనక టైరు చూశారు. పక్కలు ఉబ్బిపోయి ఉంది. ఇందాకటి ఎరుపంతా పోయి మొహం తెల్లగా అయింది. "వెయ్యి పౌండ్ల పైనే ఎక్కువుందమ్మా" అన్నారు నాతో, ఆ సంగతి నాకు తెలియనట్టు.

మామ్మగారు కిందికి దిగారు. కొడుకు మొహం చూశారు, టైరు చూశారు. ఆవిడకి అంకెలు అక్కర్లేదు. వెనక్కి తిరిగి, చీర చెంగు నడుముకి చుట్టి, కార్ల వైపు చెయ్యెత్తారు. "వినండి! ఎవరు తెచ్చింది వాళ్ళే మోసుకుపోండి! బస్తా తెచ్చినోళ్ళు బస్తా, డబ్బా తెచ్చినోళ్ళు డబ్బా. ఆ రోలు తెచ్చిందెవరు? రా నాయనా, నీ కార్లో పెట్టుకో!"

అరగంట పాటు ఆ క్వారీలో జరిగిన సందడి మీరు చూడాలి! పట్టుపంచెలు ఎగగట్టి మగవాళ్ళు బస్తాలు మోస్తుంటే, కంకర లారీల డ్రైవర్లు దిగొచ్చి వాళ్ళూ ఒక చెయ్యేశారు. గ్రైండర్ ఎక్కిన స్టేషన్ వేగన్ మూలిగింది. ఆఖరున మిగిలింది నీళ్ళ ట్యాంకు. మెకానిక్ కూడా మా వెనకే వచ్చాడు. ట్రెయిలర్ కిందికి దూరి మూత తిప్పాడు. ఆ నీళ్ళన్నీ ధారగా కంకర మీద పడసాగాయి.

ఆ ధార చూస్తూ మామ్మగారు ఉన్నట్టుండి, "ఆగండ్రా!" అన్నారు. "ప్రయాణంలో ఆటంకమొస్తే ఏం చెయ్యాలి? కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అప్పుడు దోషం ఉండదు. ఇన్ని నీళ్ళుండగా ఊరికే పోగొడతారా?" ముందు తనే చీర కాస్త ఎత్తి ఆ ధార కింద కాళ్ళు పెట్టారు. తర్వాత పెళ్ళికూతురు. తర్వాత అన్నయ్యగారు. తర్వాత మేమందరం, వరసగా! చెప్పు పోయిన నా కాలికి ఆ చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం లేచొచ్చింది. కంకర మీదే దుప్పట్లు పరిచి కూర్చుని, గ్లాసుల్లో మంచినీళ్ళు తాగాం. మా మెకానిక్ కూడా బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని, కూర్చుని తాగాడు. ఎందుకో అడగలేదు.

మళ్ళీ తూచాం. ఎనిమిది వేల మూడొందలు. చక్రం మీద నా అరచెయ్యి పట్టింది. ఎంత గట్టిగా కేకలు వేశారో మావాళ్ళు!

చుట్టాలిద్దరూ వేరే కార్లోకి మారారు. అన్నయ్యగారు నన్ను పిలిచి, "నువ్వు నా పక్కన కూర్చోమ్మా" అన్నారు. మావారిని కారు తీసుకుని వెనక రమ్మని నేను ట్రక్ ఎక్కాను. కొండ ఎక్కేటప్పుడు హాయిగా ఉంది. సీబీలో వెనక కార్లవాళ్ళ పాటలు, జోకులు. శిఖరం దాటి దిగడం మొదలుపెట్టాక, ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా మా దారిలోనే కలప లారీ, ఆగిపోయి ఉంది!

అన్నయ్యగారు బ్రేకు తొక్కారు. ట్రెయిలర్ బ్రేకులూ పట్టాయి. టైర్లు కీచుమన్నాయి, వెనక ఏవో గిన్నెలు దొర్లాయి. నేను డాష్‌బోర్డ్ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి ఆగింది. కళ్ళు తెరిస్తే, లారీ దుంగలకీ మాకూ మధ్య ఒక కారు పట్టేంత జాగా. ఒక్క కారు.

అన్నయ్యగారు హ్యాండ్‌బ్రేక్ లాగారు. "ఇందాకటి బరువుతో అయితే..." అన్నారు.

"ఆగేది కాదు అన్నయ్యగారూ" అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాలేదు.

వెనక సీట్లోంచి ఒక చెయ్యి మా ఇద్దరి మధ్యకి వచ్చింది. మామ్మగారి మరచెంబు. "తాగరా. ఇద్దరూ తాగండి. తాగి, మళ్ళీ బయల్దేరదాం." పెళ్ళికూతురు వెనక నుంచి నా భుజం పట్టుకుంది, రీనో దాకా వదల్లేదు.

పెళ్ళి ఎంత బాగా జరిగిందో చెప్పడం మొదలుపెడితే ఇంకో రోజు పడుతుంది. ఒక్కటి చెప్తాను, గ్రైండర్ పట్టుకొచ్చినాయన రుబ్బించిన గారెల పిండి గురించి అబ్బాయి తరఫువాళ్ళు ఏళ్ళతరబడి చెప్పుకున్నారు. వాళ్ళ ఊరి నీళ్ళకి పప్పు శుభ్రంగా ఉడికింది.

సోమవారం నేను పనికి వెళ్ళేసరికి యార్డ్ గేటు పక్కన కొత్తగా ఒక బెంచీ, దాని మీద నీళ్ళ కూజా, గ్లాసులు! మెకానిక్ పని అది. ఆ రోజు నుంచి మా యార్డ్‌లో ట్రెయిలర్ తగిలించుకున్న ఎవరైనా సరే, సామానంతా ఎక్కించాక బండి దిగి, కూర్చుని, ఒక గ్లాసు నీళ్ళు తాగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, ఆ తర్వాతే కాటాకి వెళ్ళాలి. ఆ పది నిమిషాల్లో ఎన్ని మర్చిపోయిన గొలుసులు, ఎన్ని దిగబడిన చక్రాలు దొరికేవో! మా యజమాని ఆ నియమానికి తొందరగానే అలవాటుపడి, "పాత ఇండియన్ ఆచారం సార్" అని కస్టమర్లకి గర్వంగా చెప్పేవాడు. 'పదివేలు లాగుతుంది' అనడం మాత్రం మానలేదు. కాకపోతే ఆ వెంటనే నా వైపు చూసి, "మోసేది ఎంతో ఆవిడ చెప్తుంది" అనేవాడు.

ఆఖరి మాట ఒకటుంది. పెళ్ళయిన రెండు నెలలకి మామ్మగారు ఇండియా తిరిగి వెళ్ళిపోయారు. అందరం శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాం. ఆ రోజుల్లో విమానం ఎక్కే తలుపు దాకా వెళ్ళనిచ్చేవారు. పెట్టె కౌంటర్లో తూస్తుంటే ఆవిడ నన్ను చూసి కన్ను గీటారు. "హద్దులోనే ఉంది, ఇంట్లోనే తూయించా" అన్నారు.

అందరి దగ్గరా సెలవు తీసుకున్నారు. మనవరాల్ని పట్టుకుని ఇద్దరూ ఏడ్చారు. తర్వాత సంచీ భుజానేసుకుని, తలుపు వైపు నడిచారు. ఆవిడ వయసు అందరికీ తెలుసు. మళ్ళీ చూస్తామో లేదో అన్న మాట ఎవరూ పైకి అనలేదు. వెనక్కి పిలవకూడదని నేను నోరు గట్టిగా బిగించుకుని నిలబడ్డాను.

తలుపు దగ్గర ఆవిడ ఆగారు. వెనక్కి తిరిగి చూసి, నా మీద కోప్పడ్డారు.

"ఏమే పిల్లా! నేను బయల్దేరా. ఇవాళ పిలవవా?"

"మామ్మగారూ!" అని అరిచాను. ఎయిర్‌పోర్ట్ అంతా వినిపించేలా అరిచాను.

ఆవిడ గబగబా వెనక్కొచ్చి, నా పక్కన కుర్చీలో కూర్చుని, సంచీలోంచి మరచెంబు తీశారు. ముందు ఆవిడ తాగారు, తర్వాత నాకిచ్చారు. విమానం వాళ్ళు రెండోసారి పిలిచేదాకా అలాగే కూర్చున్నాం.